ఊరికే ఉరికిన మూడు రోజులు

ఎల్‌బీ నగర్ దాకా మెట్రో రైలు కొత్తగా వచ్చిన రోజులవి. చెమట పట్టకుండా, కాలు కదపకుండా, చల్లటి పెట్టెలో కూర్చుని ఊరి ఆ చివరిదాకా వెళ్లే యోగం మా తూర్పు వైపు జనానికి మొదటిసారి పట్టింది. సరిగ్గా అప్పుడే మావాళ్లంతా పరుగెత్తడం మొదలుపెట్టారు. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు గానీ, పొద్దున్నే ఐదున్నరకు సరూర్‌నగర్ చెరువు కట్ట మీద చూస్తే పక్షుల కంటే మనుషులే ఎక్కువ రంగుల్లో కనిపించేవారు. చిలకపచ్చ బూట్లు, నారింజ రంగు బనీన్లు, చేతికి గుండె చప్పుడు లెక్కపెట్టే గడియారాలు. కిరాణా కొట్టుకు వెళ్లి కొత్తిమీర కట్ట తెమ్మంటే బండి తాళం వెతికే మనిషి, ఆదివారం పూట పదిహేను కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, ఆ సంగతి మధ్యాహ్నంలోగా నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో చెప్పకపోతే అన్నం సహించని కాలం అది. ఆ మనుషుల్లో నేనొకణ్ణి. ఒకణ్ణి అనడం వినయం. ముందు వరసలో వాణ్ణి.

నేను అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాణ్ణి. ‘ఒక వ్యక్తి గంటకు పది కిలోమీటర్ల వేగంతో పరుగెత్తిన...’ అని మొదలయ్యే కాలం-దూరం లెక్కలను రోజుకు నాలుగు బ్యాచీలకు బోర్డు మీద చేసి చూపించేవాణ్ణి. ఆ వ్యక్తి అసలు ఎందుకు పరుగెత్తుతున్నాడని ఏ విద్యార్థీ అడగలేదు, నాకూ తోచలేదు. మా రన్నర్ల గ్రూపుకు ఒక కెప్టెన్ ఉండేవాడు. ఎల్‌బీ నగర్‌లో టైల్స్ షాపు ఆయనది. నోరు తెరిస్తే “పేస్ తగ్గొద్దు తమ్మీ, పేస్!” అనేవాడు కాబట్టి అందరం పేస్ సార్ అనేవాళ్లం. ఆయనకు మోకాళ్లు అరిగిపోయాయి. అందుకని మేము పరుగెత్తుతుంటే వెనక స్కూటర్ మీద వస్తూ మాకు స్ఫూర్తి ఇచ్చేవాడు. (ఆ మోకాళ్లు ఎట్లా అరిగాయో అడగాలన్న తెలివి కూడా మాలో ఎవరికీ రాలేదు.)

ఒక రోజు పేస్ సార్ గ్రూపులో వీడియో పెట్టాడు. ఏదో చల్లటి దేశం. ఒక జంట, మొగుడూ పెళ్లాలే, పచ్చటి కొండల మీద కాలిబాటల్లో పరుగెత్తుతున్నారు. సాయంత్రానికి ఒక పల్లెటూరి సత్రం చేరతారు. రాతి గోడలు, పొగలు కక్కే సూపు, వేడినీళ్ల తొట్టి. పొద్దున్నే లేచి ఇంకో సత్రానికి పరుగు. అట్లా ఒక వారం. చివర్లో ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. “కపుల్ గోల్స్” అని కింద రాశాడు పేస్ సార్. ఆ వీడియో పదకొండుసార్లు చూశాక నాకు సాక్షాత్కారమైంది. వాళ్లకు కొండలుంటే మనకు రాచకొండ గుట్టలు లేవా? వాళ్లకు సత్రాలుంటే మనకు... సరే, ఏదో ఒకటి ఉండకపోదు. విజయవాడ రోడ్డు పట్టుకుని పెద్ద అంబర్‌పేట్ దాటితే ఆ పైన అన్నీ మట్టిబాటలే. మూడు రోజులు, రెండు బసలు, చివరికి హైవే మీద ఒక లాడ్జి దగ్గర ముగింపు. మ్యాపు గీసి గ్రూపులో పెడితే ఎనభై ఏడు చప్పట్లు పడ్డాయి.

ఇక మిగిలింది మా ఆవిడకు చెప్పడం. పెళ్లై అప్పటికి ఎనిమిది నెలలు. మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ పెట్టుకున్న మనిషి, వాళ్ల నాన్న నల్లగొండ నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్న బస్సు డ్రైవరు. ఆయన పదిహేనేళ్లపాటు మా నాన్న చేతి ఇడ్లీ తిని, ఒక రోజు చెయ్యి కడుక్కుంటూ, “మా బిడ్డ ఉన్నది, మీ కొడుకున్నడు” అన్నాడట. “అదీ నిజమేనండి” అన్నాడట మా నాన్న. అంతే, పెళ్లిచూపులు. మా ఆవిడ ఎల్‌బీ నగర్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. మాట తక్కువ. ఆ రోజు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, కళ్లు మూతలు పడుతుంటే ఉప్మా తింటోంది.

“వచ్చే వారం మూడు రోజులు సెలవు పెట్టు” అన్నాను.

“ఎందుకు?”

“సర్‌ప్రైజ్!”

ఆమె చెంచా ఆపి నా వైపు చూసింది. మొహం ఒక్కసారి వెలిగినట్టైంది. “నిజంగనా? సరే” అంది. ఆ వెలుగు ఎందుకు వచ్చిందో నేను అడగలేదు. నాలుగు రోజుల తర్వాత మ్యాపు చూపించినప్పుడు ఆ వెలుగు ఎటు పోయిందో కూడా గమనించలేదు. అప్పుడూ ఆమె “సరే” అనే అంది. రెండు సరేలకూ తేడా ఉంటుందని ఎనిమిది నెలల మొగుడికి ఎట్లా తెలుస్తుంది?

పెద్దవాళ్ల స్పందన అంత ప్రోత్సాహకరంగా లేదు. కొత్త పొట్టి లాగు వేసుకుని నిలబడితే మా అమ్మ ఎగాదిగా చూసి, “ఇది లోపల వేసుకునేదా, పైన వేసుకునేదా?” అంది. మా మామయ్యగారికి ఫోన్‌లో దారంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, “ఆ రూట్ల నేను పన్నెండేండ్లు బస్సు నడిపిన. బస్సులు మంచిగనే ఉన్నయి గదా?” అన్నారు. పేస్ సార్ మాత్రం మా ఇంటికొచ్చి సామాను పరీక్షించాడు. ప్రతి గ్రాము బరువూ శత్రువే అన్నాడు. ఇద్దరికీ రెండు ఫోన్లెందుకు, ఒకటి చాలు. మెట్టెలుంటే వేళ్లు ఒరుసుకుపోతాయి. పుస్తెలతాడు పరుగులో ఎగిరెగిరి గుండెకు తగులుతుంది, రిథమ్ పాడవుతుంది. మా ఆవిడ నా వైపు చూసింది. “కెప్టెన్ చెప్తున్నారు కదా” అన్నాను. ఆమె అవి తీసి, దవాఖాన దూది గుడ్డలో చుట్టి, బ్యాగులో చిన్న జిప్పు అరలో పెట్టుకుంది.

మొదటి రోజు తెల్లవారుతుండగా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పరుగు మొదలెట్టాం. ఆ వేళకు అక్కడ ఆంధ్రా వెళ్లే బస్సులు బారులు తీరి ఉంటాయి. “సూర్యాపేట, కోదాడ, విజయవాడ!” అని కండక్టర్లు అరుస్తుంటారు. వీపున బ్యాగులతో రోడ్డు పక్కన పరుగెత్తుతున్న మమ్మల్ని చూసి ఒక బస్సు కీచుమని ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, “ఉరకకుండ్రి, ఉరకకుండ్రి! ఆపిన, ఎక్కుండ్రి!” అన్నాడు. మాకు బస్సు వద్దని చేతులూపాం. “ఎక్కనోళ్లు బస్సెంబడి ఎందుకురుకుతుండ్రు మరి?” అని తిట్టి రైట్ కొట్టాడు. హయత్‌నగర్ చేరేలోగా ఇంకో మూడు బస్సులు మా మీద దయతో ఆగాయి. నాలుగో బస్సులో ఒక పెద్దాయన లేచి నిలబడి, మా ఆవిడకు తన సీటు చూపించాడు. మా ఆవిడ ఆ సీటు వైపు చూసిన చూపు, పెళ్లిలో నా వైపు కూడా చూడలేదు.

మొదటి సత్రం ఇంటర్నెట్‌లో అద్భుతంగా ఉండింది. ‘పచ్చని ప్రకృతి ఒడిలో పల్లె బస.’ తీరా వెళితే ఎర్రమట్టి మైదానం, సున్నం గీతలు, జెండాలు, మధ్యలో ఒక గెస్ట్ హౌసు. అది ప్లాట్లమ్మే వెంచరు. సైట్ చూడటానికి వచ్చిన కుటుంబాల కోసం కట్టిన గదులవి. టై కట్టుకున్న ఒక ఏజెంటు మాకు ఎదురొచ్చి కొబ్బరిబొండాలిచ్చాడు. మేము పరుగెత్తడానికి వచ్చామంటే, “చాలా మంచి ఆలోచన సార్. కారులో వస్తే ప్లాటు విలువ తెలియదు. కాళ్లతో కొలుచుకుంటే తెలుస్తుంది” అన్నాడు. సాయంత్రం మేము కాళ్లు చాపుకుని కూర్చున్నంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఎనిమిదేళ్లలో ఇక్కడికి ఏమేం రాబోతున్నాయో చెప్పాడు. విమానాశ్రయం ఒక్కటే తక్కువ. మర్నాడు పొద్దున్న అతనికి దొరక్కుండా బయటపడదామని చీకటి విడవకముందే పరుగు లంకించుకుంటే, వెనక నుంచి టకటకమని చప్పుడు. ఏజెంటు! నల్లబూట్లు, టై, చంకలో బ్రోచర్లు. నా పక్కనే పరుగెత్తుతూ, ఏమాత్రం ఆయాసం లేకుండా, “సార్, ఎడమ చేతి వైపు చూడండి, ఈస్ట్ ఫేసింగ్, కార్నర్ బిట్!” అంటున్నాడు. నాకు జవాబు చెప్పేంత ఊపిరి లేదు. నా గడియారం ప్రకారం నేను జీవితంలో అత్యంత వేగంగా పరుగెత్తిన రెండు కిలోమీటర్లు అవే. అతనికి అది మామూలు ఉద్యోగం.

అక్కడి నుంచి గుట్టల దారి. వీడియోలో లాంటి కాలిబాట నిజంగానే దొరికింది. బండలు, తుమ్మముళ్లు, అక్కడక్కడా సీతాఫలం పొదలు. నేను ముందు, మా ఆవిడ వంద గజాలు వెనక. మధ్యమధ్య వెనక్కి తిరిగి “పేస్! పేస్!” అని అరుస్తున్నాను. పదకొండు గంటల వేళ నా ఫోను మ్యాపు చూపించీ చూపించీ చచ్చిపోయింది. అయినా తగ్గలేదు. గుట్ట దిగి ఒక ఊళ్లోకి పరుగెత్తాం. (ఊరి పేరు చెప్పను. వాళ్ల పరువు కోసం కాదు, నా పరువు కోసం.) ఊరి మొదట్లోనే ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని పెసర్లు చెరుగుతోంది. చెమటతో తడిసి, ముళ్లు గీరుకుని వస్తున్న నన్నూ, వెనక దుమ్ము పడిన కళ్లు తుడుచుకుంటూ వస్తున్న మా ఆవిడనూ చూసి చేట కింద పెట్టింది.

“ఆగు బిడ్డా, ఆగు! ఎవలన్న ఎంబడి వడ్డరా?”

“ఎవరూ పడలేదమ్మా. ఊరికే” అన్నాను, ఆగకుండా ఉన్నచోటే గెంతుతూ. (ఆగితే కండరాలు చల్లబడతాయని పేస్ సార్ చెప్పాడు.)

“ఊరికా? ఏ ఊరికి?”

“ఏ ఊరికీ కాదండీ. ఊరికే!”

“ఏ ఊరికి గాకపోతె ఎందుకురుకుతున్నవ్ మరి?”

ఆవిడ నా వెనకాల దారి వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది, కర్రలతో ఎవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. కుక్కలు మాత్రం వచ్చాయి. కుక్కల అరుపులకు మనుషులు వచ్చారు. ఆ మనుషుల్లో ఆవిడ కొడుకు, ఆ ఊరి సర్పంచ్ ఉన్నాడు. తెల్లటి చొక్కా, నిదానమైన మనిషి. బండి స్టాండు వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విచారణ మొదలెట్టాడు.

“ఏ ఊరు తమ్మీ మనది?”

“దిల్‌సుఖ్‌నగర్ అండి. అసలు తెనాలి దగ్గర.”

“పిల్లది?”

“నల్లగొండ వైపు.”

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“లగ్గమైందా?”

“ఎనిమిది నెలలైందండి.”

“మరి పిల్ల మెడల పుస్తెలేవి?”

“బ్యాగులో ఉన్నాయి.”

ఎవరో పెదవి చప్పరించారు. “సంచిల పెట్టుకొని పోతున్నరే, ఏ గుట్ట మీది గుళ్లనో కట్టుకుందామని” అంది ఒక ఆడమనిషి. నేను తొందరపడి, “కాదండీ, బరువని తీసేశాం. మా కెప్టెన్ తీసెయ్యమన్నాడు” అన్నాను. సర్పంచ్ కనుబొమలు పైకి లేచాయి. “కెప్టెనా? మొత్తం ఎంతమందున్నరు మీరు?” అన్నాడు.

లెక్కల మాస్టార్ని. ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్తున్నాను, ప్రతి నిజమూ నన్నొక అడుగు లోతుకు తొక్కుతోంది. నిజానికి మాది ఇద్దరు తండ్రులు ఇడ్లీ పళ్లెం మీద ఖాయం చేసిన పెళ్లి. అంతకంటే చప్పటి పెళ్లి జిల్లాలో ఉండదు. అయినా సరే, నేనింకా ధీమాగానే ఉన్నాను. ఎందుకంటే ముసలావిడ మా ఆవిడను లోపలికి తీసుకెళ్లింది. ఇప్పుడామె నోరు విప్పి ఒక్క మాట చెప్తే గొడవ తీరిపోతుంది. కిటికీ తెరిచే ఉంది. లోపలి మాట నాకు స్పష్టంగా వినిపిస్తోంది.

“భయపడకు బిడ్డా, నేనున్న. నిజం చెప్పు. నీ ఇష్టంతోనే ఒచ్చినవా ఈని ఎంబడి?”

మా ఆవిడ గొంతు, అలిసిపోయిన గొంతు, నెమ్మదిగా అంది: “లేదు పెద్దమ్మా. నా ఇష్టంతోని రాలే. నన్ను అడగనే లేదు.”

బయట ఒక్కసారి గాలి మారిపోయింది. సర్పంచ్ నా భుజం మీద చెయ్యి వేసి, “బూట్లు ఇప్పు తమ్మీ” అన్నాడు. ఎందుకన్నాను. “మల్ల ఉరుకుతవ్” అన్నాడు. ఆ చిలకపచ్చ బూట్లు తీసుకెళ్లి ఎవరో ఇంటి దూలానికి వేలాడదీశారు. ముసలావిడ గడప దాటి వచ్చి, చేతిలో ఉన్న తెడ్డు ఎటు తిప్పాలా అన్నట్టు నా వైపు చూసింది. ఆవిడ తిట్టిన తిట్లు చాలావరకు నాకు అర్థం కాలేదు. అర్థమైనవి రాయలేను.

ఇక ఫోను. నాదానికి ప్రాణం లేదు, ఆమెది బరువని ఇంట్లోనే ఉంది. నాకు కంఠస్థం వచ్చిన నంబరు ఒక్కటే, మా కోచింగ్ సెంటర్‌ది. మా ఆవిడ వాళ్ల నాన్న నంబరు చెప్పిందట. సర్పంచ్ స్పీకర్ పెట్టి, పదిమంది వింటుండగా అడిగాడు:

“అన్నా, నమస్తే. మీకు బిడ్డ ఉన్నదా?”

“ఉన్నది.”

“ఇప్పుడు ఏడున్నది?”

“మా అల్లునితోని ఉరుకుతున్నది” అన్నారు మా మామయ్యగారు, అదేదో ఉద్యోగం పేరు చెప్పినట్టు.

“అల్లుడేనా? లగ్గం మీరే చేసిండ్రా?”

“నేనే చేసిన.”

“పిలగాడు ఎట్లాంటోడన్నా?”

ఆయన కొంచెం ఆలోచించారు. “పెండ్లప్పుడు మంచిగనే ఉండె” అన్నారు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. అప్పుడాయన, “మా బిడ్డ ఏం చేస్తున్నది? జర ఫోనియ్యి” అన్నారు. ముసలావిడ ఫోను దగ్గరికి వంగి, “పండుకున్నది తమ్మీ. గింత జొన్నగట్క తాగి మంచం మీద ఒరిగింది, అంతే” అంది. అవతల మా మామయ్యగారి గొంతు మెత్తబడింది. “అయితే లేపకక్కా. పండుకోనియ్యి. నెల దినాలాయె ఆమె కంటి నిండ నిద్రపోక. ఇద్దరు నర్సులు మానేసిండ్రంట, ఈమె డబల్ డ్యూటీ చేస్తున్నది.”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. బడంగ్‌పేట్‌లో ఉన్న తండ్రికి తెలిసిన సంగతి ఒకే గదిలో ఉన్న నాకు తెలియదు. చెప్పలేదా అంటే, చెప్పే ఉంటుంది. నేను ఆ సమయంలో గడియారం చూసుకుంటూ ఉండి ఉంటాను.

నా నిర్దోషిత్వం రుజువైంది గానీ బూట్లు మాత్రం దిగిరాలేదు. పిల్ల లేచేదాకా కదిలేది లేదంది ముసలావిడ. నేను ఉత్తకాళ్లతో అరుగు మీద కూర్చున్నాను. గంట గంటకూ నా గడియారం ‘లేచి కదలండి’ అని కీచుమంటోంది. పక్కన కూర్చున్న తాత మొదటిసారి ఉలిక్కిపడ్డాడు, రెండోసారి జాలిపడ్డాడు. “గదేంది, నిన్ను కూసోనియ్యదా?” అన్నాడు. మధ్యాహ్నం ఆ ఇంటి బర్రె తలుగు తెంపుకుని చేలోకి పోయింది. “ఉరుకుడంటె ఇష్టమంటివి గద, పట్కరాపో” అన్నారు. ఉత్తకాళ్లతోనే పోయాను. అది పరుగెత్తలేదు కూడా, మామూలుగా నడిచింది. అయినా నాకు అందలేదు. ఇరవై నిమిషాలు చేను చుట్టూ నన్ను తిప్పి తిప్పి వినోదం చాలనిపించాక, ముసలావిడ గడపలో నిలబడి నాలుకతో ఒక చప్పుడు చేసింది. బర్రె వెళ్లి ఆవిడ ముందు నిలబడింది.

తిరిగి వచ్చి లోపలికి తొంగిచూశాను. మా ఆవిడ నులక మంచం మీద నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. పాదాలు దుప్పటి బయట ఉన్నాయి. మేజోళ్లు తీసేసి ఉన్నాయి. మడమలు చితికి ఎర్రగా ఉన్నాయి, ఒక బొటనవేలి గోరు నల్లబడింది. వాటి చుట్టూ నీటుగా, నర్సు చేతితో కట్టుకున్న కట్లు. మొదటి రోజు సాయంత్రం నేను ఏజెంటుతో మాట్లాడుతున్నప్పుడు కట్టుకుని ఉంటుంది. రెండో రోజంతా ఆ కాళ్లతోనే వచ్చింది. ఆ కాళ్లనే నేను వెనక్కి తిరిగి పేస్, పేస్ అని తరిమాను.

పొద్దు వాలుతుండగా లేచింది. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

“కాళ్లట్లా అయ్యాయని ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగినవా?”

మళ్లీ అదే మాట. కాలి కట్టు సర్దుకుంటూ ఆమే అంది: “సర్‌ప్రైజ్ అన్నవ్ గదా. మూడు దినాలు తలుపేసుకొని ఇంట్ల మంచిగ పండుకుందామంటవేమో అనుకున్న. గా రోజు ఎంత సంతోషపడ్డనో తెల్సా?” ఏడుస్తూ అనలేదు, కోపంగా కూడా అనలేదు. ఉన్నమాట చెప్పింది. తర్వాత, “రేపు బస్సెక్కి మా అమ్మోళ్ల ఇంటికి పోతా. నీ ఉరుకుడు నువ్వు కానియ్యి” అంది.

“ఎన్ని రోజులు?”

“తెల్వదు.”

“నేనూ వస్తా.”

“వద్దు. ఒస్తే మా అమ్మోళ్ల ఇంటి చుట్టు ఉరుకుతవ్.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎనభై ఏడు చప్పట్లు, లాడ్జి దగ్గర నా కోసం ఎదురుచూసే గ్రూపు, అవన్నీ ఒక్కసారి దూరంగా, ఎవరివో అయినట్టు అనిపించాయి. నాకు తెలిసిన లెక్కల్లో ఏదీ ఇక్కడ పనికిరాదని అర్థమై, చివరికి ఒక ప్రశ్న అడిగాను. “నీకేం చెయ్యాలనుంది?” ఆమె నేనేదో తమిళంలో మాట్లాడినట్టు చూసింది. చాలాసేపు ఆలోచించి, “ఏమో. పొద్దుగాల చెప్త” అని మళ్లీ అటు తిరిగి పడుకుంది.

పొద్దున్నే పుస్తెలతాడు మెళ్లో వేసుకుని, ముసలావిడ ఇచ్చిన రబ్బరు చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చింది. “నడుద్దాం. ఉరుకొద్దు. గుట్ట దిగినంక రోడ్డు మీద బస్సాగుతదంట. ఆడికి పోయినంక చెప్త, పోయేదో ఉండేదో” అంది. ఊరు ఊరంతా సాగనంపింది. బూట్లు దూలం మీంచి దింపి ఇచ్చారు. సర్పంచ్ నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, “ఏమనుకోకు తమ్మీ. ఈసారి లేచిపోయేటోళ్లు ఎవరన్న మా ఊరి మీదికెల్లి పోయినా, నువ్వే అనుకొని ఇడిచిపెడతం” అని భరోసా ఇచ్చాడు.

ఆ మూడు గంటల నడకలో ఆమె మాట్లాడినన్ని మాటలు ఎనిమిది నెలల్లో మాట్లాడలేదు. దారి పక్క పొదల్లో కన్ను విచ్చిన సీతాఫలాలు కోసుకుని తింటూ, గింజలు ఊస్తూ చెప్పింది. వార్డులో నలభై రోజులున్న ఒక అవ్వ గురించి. ఆ అవ్వ ఈమె చేతితో పెడితే తప్ప తినేది కాదట. ఈమెకు డ్యూటీ లేని రోజు పోయిందట. “గా దినమే నువ్వు నాకు గడియారం చూపించినవ్, నీ రికార్డు” అంది. నాకు ఆ రోజు బాగా గుర్తుంది. పది కిలోమీటర్లు, యాభై రెండు నిమిషాలు. చూసి, “మంచిగుంది” అంది. నేను పొంగిపోయి గ్రూపులో పెట్టాను.

రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు వస్తూనే ఉంది. చెయ్యెత్తితే ఆగింది. అడగాల్సింది నిన్ననే అడిగేశాను, ఇక జవాబు ఆమెది. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, లోపల ఖాళీ సీట్ల వైపు చూసింది. కండక్టరు, “ఏందమ్మా, ఎక్కుతవా లేదా?” అన్నాడు. నా గడియారం ప్రకారం నేను నిలబడే ఉన్నాను గానీ గుండె మాత్రం నూట నలభై కొట్టుకుంటోంది.

ఆమె కాలు దించింది. “పోనియ్యన్నా. ఇంకో నాలుగు కాయలున్నయి, తిని ఒస్తం” అంది.

ముగింపు లాడ్జికి నడుచుకుంటూనే, నేను అనుకున్న సమయానికి ఐదు గంటలు ఆలస్యంగా, చేతుల్లో సీతాఫలాల సంచితో చేరాం. స్వాగతం చెప్పాల్సిన గ్రూపు బిర్యానీ తిని వెళ్లిపోయింది. ఫ్లెక్సీ బ్యానరు గాలికి ఒకవైపు ఊడిపోయి వేలాడుతోంది. పేస్ సార్ ఒక్కడే కారులో సీటు వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. అద్దం తడితే ఉలిక్కిపడి లేచి, “టైమింగ్ ఎంత తమ్మీ?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ ఒక సీతాఫలం విప్పి ఆయన చేతిలో పెట్టి, “ముందుగాల మోకాళ్లు చూపించుండ్రి సార్” అంది. ఆయన ఇరవై ఏళ్లలో మొదటిసారి ఎవరో అడిగినట్టు, ప్యాంటు పైకి లాగి, అక్కడే రోడ్డు పక్కన కూర్చుని తన నొప్పులన్నీ చెప్పుకున్నాడు. వెళ్లే ముందు మమ్మల్ని ఊడిన బ్యానరు ముందు నిలబెట్టి ఒక ఫొటో తీశాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లైంది. మా ఆవిడ ఇప్పుడు వార్డు ఇన్‌చార్జి. ఆమెకు వారానికోసారి సెలవు వచ్చిన రోజున నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, కొరియరు వాణ్ణీ, గ్యాసు బండి వాణ్ణీ, మా అమ్మనూ బెల్లు కొట్టకుండా ఆపుతాను. పరుగు మానేశాను. ప్రతిదీ అడుగుతాను. చాయ్ పెట్టనా, ఫ్యాను తగ్గించనా, కూరలో కారం వెయ్యనా అని. “ఊకె అడుగుడేంది, పరేషాన్ చేస్తున్నవ్!” అని విసుక్కుంటుంది. కొన్నిటికి మనిషి ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతాడే తప్ప మధ్యలో ఆగడం తెలియదు.

మొన్న దీపావళికి అలమర సర్దుతుంటే ఆ ఫొటో బయటపడింది. పీలగా ఉన్న ఒక కుర్రాడు, పొట్టి లాగు, ముళ్లు గీరిన కాళ్లు, ఛాతీ విరుచుకుని, నడిచే వచ్చినా ప్రపంచాన్ని గెలిచినట్టు నవ్వుతున్నాడు. నాకు సిగ్గేసి దాచబోతే మా ఆవిడ లాక్కుంది. చేత్తో దుమ్ము తుడిచి చాలాసేపు చూసింది.

“పాపం, ఎంత హుషారుగుండె పిలగాడు” అంది. “ఏడికి పోయిండో.”

“ఇక్కడే ఉన్నాను కదా” అన్నాను.

“నువ్వు గాదు” అని నవ్వి, ఫొటోను నాకు ఇవ్వకుండా తన చీరల మడతల్లో పెట్టుకుంది.